ఆరు ఖండికలు, ఏడు పేర్లు

మాటలు లేని సంగీతం ఎవరి పక్షం వహిస్తుంది? అభ్యుదయ సాహిత్యాన్ని గురించి నలుగురూ కూడి మాట్లాడుకునే చోట ఈ ప్రశ్న తరచు వస్తూనే వుంటుంది. పాటకు మాట వుంది కనక దాని సంగతి తేల్చటం సులభం. నాట్లు వేసేవాళ్ళ పాటా, జమీందారు ఇంటి మేజువాణీ ఒకటి కావని చెప్పటానికి పాండిత్యం అక్కర్లేదు. కాని వట్టి స్వరాలు మాత్రమే వున్న రచనను ముందు పెట్టుకుని, ఇది జనానికి పనికివచ్చేదా లేక పైవర్గం పొద్దుపుచ్చుకోవటానికి పుట్టిందా అని అడిగితే మనలో చాలామందిమి తడుముకుంటాం. కొందరు "అది మనకు సంబంధించినది కాదు" అని తప్పుకుంటారు. మరికొందరు "కళకు వర్గం లేదు" అని ఎదటి పక్షం మాటనే అప్పుతెచ్చుకుంటారు. రెండూ శ్రమ తప్పించుకునే జవాబులే.

ఈ ప్రశ్న గాలిలో తేలేది కాదు. ఏదో ఒక రచనను దగ్గర పెట్టుకుని, అది ఎప్పుడు, ఎవరి చేత, ఏ పరిస్థితుల్లో తయారయిందో చూడాలి. విన్నప్పుడు మనకేమయిందో కూడా దాపరికం లేకుండా చెప్పుకోవాలి. అందుకని 2018 నవంబరులో పారిస్‌లో నేను విన్న ఒక పియానో కచేరీని గురించి రాస్తున్నాను.

అక్కడి కార్మికసంఘాల పాత కాగితాలు చూసుకునే పనిమీద నేను ఆ ఊళ్ళో నాలుగు నెలలు వున్నాను. నాకు గది అద్దెకిచ్చినావిడ బడిపంతులమ్మగా పనిచేసి రిటైరయిన మనిషి. మొదటి ప్రపంచయుద్ధం ముగిసి ఆ నెల పదకొండో తారీకుకు నూరేళ్ళు నిండాయి. ఎక్కడ చూసినా జెండాలు, బాకాలు, ఉపన్యాసాలు. "ఆ సభలకు నేను పోనండీ. మీరు దీనికి రండి" అని ఆవిడ ఒక చిన్న హాల్లో జరిగే కచేరీకి టిక్కెట్టు నా చేతిలో పెట్టింది.

పియానోతో నాకు అంతకుముందున్న పరిచయం మన సినిమాల ద్వారా ఏర్పడినదే. బంగళాలో పుట్టినరోజు పండుగ జరుగుతూ వుంటుంది. సూటు వేసుకున్న హీరో పియానో ముందు కూర్చుని, వేళ్ళు ఒక దారినా పాట ఒక దారినా పోతుండగా, మేడమీద నిలబడ్డ నాయికను ఉద్దేశించి విరహం వెళ్ళబోస్తాడు. పియానో అంటే డబ్బున్నవాడి ఇంట్లో సామాను అని మన ప్రేక్షకులకు ఏర్పడ్డ అభిప్రాయంలో నిజం లేకపోలేదు. పందొమ్మిదో శతాబ్దపు ఐరోపాలో కూడా మధ్యతరగతి ఇంటికి అది హోదాచిహ్నంగా వుండేది. దాని తెల్లమెట్లకు అతికిన దంతం ఆఫ్రికా ఏనుగులది. ఆ దంతాన్ని సముద్రతీరం దాకా నెత్తిన మోసినవాళ్ళలో బానిసలు కూడా వుండేవారు. ఇది మరిచి పియానో సంగీతాన్ని పొగడటం సబబు కాదు.

అయితే ఆ పెట్టె పనివాళ్ళ నేర్పు కూడాను. 1821లో ఎరార్ కుటుంబం వారు పియానో మరలో ఒక కొత్త ఏర్పాటుకు పేటెంటు తీసుకున్నారు. దానివల్ల తీగను కొట్టిన సుత్తి పూర్తిగా వెనక్కు రాకముందే, మెట్టు పూర్తిగా పైకి లేవకముందే, మళ్ళీ కొట్టటానికి సిద్ధమవుతుంది. ఒకే స్వరాన్ని ఎంతో వడిగా వెంటవెంటనే పలికించటం అట్లా సాధ్యమయింది. ఆ రాత్రి చిట్టచివర నేను విన్న టొకాటా ఇటువంటి మర లేకపోతే ఆ వేగంతో పలికేదే కాదు. కళారూపాల వెనక ఉత్పత్తి సాధనాలున్నాయని మనం తరచు చెబుతాం. ఇక్కడ ఆ సాధనం కంటికి కనపడుతుంది, చెవికి వినపడుతుంది.

హాల్లో రెండుమూడు వందల మంది వుంటారు. వాయించిన అమ్మాయికి ముప్పయ్యేళ్ళకు మించవు. మన కచేరీల్లో లాగా తాళం వేసేవాళ్ళు లేరు, భేష్ అనేవాళ్ళు లేరు. ఒక ఖండిక ముగిసి రెండోది మొదలయే లోపల దగ్గుకోవటానికి మాత్రం స్వాతంత్ర్యం వుంది. మొదట ఈ క్రమశిక్షణ నాకు చికాకు కలిగించింది. క్రమంగా దాని అవసరం తెలిసివచ్చింది. వీణమీద తీగను లాగి గమకం పలికిస్తాం. పియానోమీద స్వరాన్ని అట్లా వంచటానికి వీల్లేదు. పుట్టిన మరుక్షణం నించీ అది ఆరిపోతూ వుంటుంది. ఆరిపోయేదాకా వినటం కూడా ఆ సంగీతంలో భాగమే.

ముందు ఎరిక్ సతీ 1888లో రాసిన "జిమ్నోపెదీ"ల్లో మొదటిది వాయించారు. ఎడంచేత ఒక మంద్రస్వరం, దాని వెంట మెత్తని స్వరాల గుత్తి, వాటిపైన తీరుబడిగా నడిచిపోయే వరస. ఎక్కడా గొంతెత్తి మాట్లాడదు. ఈ సతీ 1898 నించి 1925లో చనిపోయేదాకా ఆర్కేయ్ అనే పనివాళ్ళ పేటలో ఒకే గదిలో బతికాడు. పేటపిల్లలను వెంటేసుకుని షికార్లకు తీసుకుపోయేవాడు. యుద్ధాన్ని వ్యతిరేకించిన జాన్ జోరెస్‌ను 1914 జూలై ఆఖరున హత్యచేసినప్పుడు సోషలిస్టు పార్టీలో చేరాడు, ఆ తరవాత కమ్యూనిస్టు పార్టీలోకి వచ్చాడు. పార్టీ సభ్యత్వం అతని స్వరాల్లో వినపడుతుందని నేను చెప్పను. జిమ్నోపెదీలు అంతకు పాతికేళ్ళ ముందటివి. ఆడంబరం మీద అతనికున్న రోత మాత్రం అప్పటికే వాటిలో వుంది.

తరవాత దెబుసీ. 1913లో వెలువడిన అతని ప్రెలూదుల రెండో సంపుటంలో "వెన్నెట్లో కొలువుదీరే డాబా" అని అర్థం వచ్చే ఖండిక ఒకటి వుంది. 1911 డిసెంబరులో ఐదో జార్జి కోసం జరిపిన ఢిల్లీ దర్బారును గురించి ఒక ఫ్రెంచి పత్రికలో పడిన వ్యాసంలోనించి అతను ఆ పేరు ఏరుకున్నాడు. మన దేశాన్ని అతను ఎన్నడూ చూడలేదు. ఎత్తునించి జారుతూ వచ్చే స్వరాలు, కింద కదలని నీటివంటి మంద్రం. చాలా అందమైన రచన, సందేహం లేదు. కాని ఆ డాబామీద మనుషులెవరూ లేరు. ఏ దర్బారులో సామంతరాజులు వరసగా వచ్చి చక్రవర్తికి సలాములు చేశారో, ఏ దర్బారులో బెంగాల్ విభజన రద్దు ప్రకటించవలసి వచ్చిందో, ఆ దర్బారులోనించి పారిస్ చేరింది వట్టి వెన్నెల. నేను ఆ ఖండికను ఆనందించాను. నా దేశం అందులో లేదని కూడా గ్రహించాను. ఈ రెండూ ఒకే మనిషికి ఒకేసారి జరగవచ్చు. ఒకటి ఒప్పుకుంటే రెండోది కాదనాలన్న నియమం లేదు.

విరామం తరవాత వాయించినది మోరిస్ రావెల్ రాసిన "ల తోంబో ద కూపెరాన్". నేను ఈ వ్యాసం రాయటానికి కారణం ఇదే.

తోంబో అంటే సమాధి. పదిహేడో శతాబ్దపు ఫ్రాన్సులో చనిపోయిన గురువుల స్మృతికోసం రాసే వాద్యరచనలకు ఆ పేరు పెట్టేవారు. మన ఊళ్ళ పొలిమేరల్లో నిలబడి వుండే వీరగల్లును తలుచుకుంటే మాట మనకు దగ్గరపడుతుంది. కూపెరాన్ (1668–1733) రాజుగారి కొలువులో సంగీతకారుడు. రావెల్ 1914లో ఆ కాలపు రచనల పద్ధతిలో ఒక మాలిక రాయటం మొదలుపెట్టాడు. ప్రెలూద్, ఫ్యూగ్, ఫోర్లాన్, రిగోదాన్, మెనుయే, టొకాటా, మొత్తం ఆరు ఖండికలు. వీటిలో నడిమి మూడూ నాట్యాలే. రిగోదాన్ దక్షిణ ఫ్రాన్సు పల్లెల్లో వేసిన గంతు. ఫోర్లాన్ ఇటలీలో వెనిస్ వైపు జనం ఆడినది. కొలువులు వాటిని తీసుకుని నునుపుచేసుకున్నాయి. జనం దగ్గర పుట్టిన ఆట మేడలెక్కిన చరిత్ర మనకు కొత్తకాదు.

ఇంతలో యుద్ధం వచ్చింది. రావెల్‌కు ముప్పయి తొమ్మిదేళ్ళు. పొట్టి మనిషి, బరువు రెండు కిలోలు తక్కువని సైన్యం తీసుకోలేదు. పట్టుబట్టి చివరకు లారీ డ్రైవరుగా చేరి, 1916లో వెర్దాన్ యుద్ధరంగం దగ్గర లారీ నడిపాడు. జబ్బుపడ్డాడు. 1917 జనవరిలో తల్లి చనిపోయింది. ఆ సంవత్సరమే మాలిక పూర్తిచేశాడు. పూర్తయేటప్పటికి ప్రతి ఖండిక నెత్తినా యుద్ధంలో పోయిన స్నేహితుల పేర్లు చేరాయి. ప్రెలూద్ మీద జాక్ షార్లో పేరు, ఇతను రావెల్ రచనను పియానోకు మార్చి రాసినవాడు. ఫ్యూగ్ మీద జాన్ క్రుప్పీ. ఫోర్లాన్ మీద చిత్రకారుడు గాబ్రియెల్ దెలుక్. రిగోదాన్ మీద ఇద్దరు అన్నదమ్ములు, పియెర్, పాస్కల్ గోదాన్‌లు. వీళ్ళిద్దరినీ 1914 నవంబరులో ఒకే గుండు చంపింది. మెనుయే మీద జాన్ ద్రెఫ్యూస్. రావెల్ ఈ పని ముగించింది ఆ కుటుంబం వారి ఇంట్లోనే. టొకాటా మీద జోసెఫ్ ద మర్లియావ్. ఆరు ఖండికలు, ఏడు పేర్లు.

ఈ పేర్లు నా చేతిలోని కార్యక్రమపత్రంలో అచ్చువేసి వున్నాయి. చావుపాటకు సిద్ధపడి కూర్చున్నాను. మొదలయింది చూస్తే వాగునీళ్ళలాగా సుళ్ళు తిరుగుతూ పోయే ప్రెలూద్. ఫోర్లాన్‌లో పాత నాట్యపు అడుగు వున్నది వున్నట్టుగానే వుంది, కాని స్వరాలు ఒకదానినొకటి ఒరుసుకుని అడుగు తడబడుతున్నట్టు వినిపిస్తుంది. ఇక ఇద్దరు అన్నదమ్ముల రిగోదాన్ పెళ్ళివారి సందడిలాగా ఉరుకుతూ వచ్చింది. మధ్యలో కాసేపు ఎవరో మేకలు కాసుకునేవాడు ఊదుకుంటున్నట్టు ఒంటరి వరస ఒకటి వచ్చి, మళ్ళీ సందడి దాన్ని కప్పేసింది. మెనుయేలో ఏడుపు రాబోతున్నదనుకున్న చోట గొంతు పెరిగి పెరిగి, అంతలోనే తనను తాను అదుపుచేసుకుని, మర్యాదగా నాట్యంలోకి తిరిగివచ్చింది. ఎక్కడా రొమ్ము బాదుకోవటం లేదు.

బయటికి వచ్చాక ఆవిడను అడిగాను, "చనిపోయినవాళ్ళ పేరుమీద ఈ గంతులేమిటండీ, మదాం?" అని.

ఆవిడ కొంతదూరం నడిచాక చెప్పింది. "మా ఊరి స్మారకశిల మీద మా ఇంటిపేరు మూడుసార్లు చెక్కి వుంటుంది. ఏటా బాకా ఊది ఆ పేర్లు చదువుతారు. చదువుతున్నంతసేపూ నాకు రాయే కనిపిస్తుంది, మనుషులు కనిపించరు. వాళ్ళ ముగ్గురిలో పెద్దవాడు ఊళ్ళో అందరికన్నా బాగా డాన్సు చేసేవాడని మా నాయనమ్మ చెప్పేది. నాకు ఆయన గురించి తెలిసింది అంతే. అది మాత్రం మరిచిపోలేదు."

ఆవిడ సంగీత విమర్శకురాలు కాదు. కాని ఈ రచనలో రూపానికీ వస్తువుకూ వున్న సంబంధాన్ని నాకు పట్టిచ్చింది ఆవిడే. చావును వర్ణిస్తే చచ్చినవాళ్ళంతా ఒకటే అవుతారు. బతికి వుండగా వాళ్ళు వేసిన అడుగును పట్టుకుంటే, పోయినదేమిటో లెక్క తేలుతుంది. పాత రూపం ఇక్కడ వర్తమానం నించి పారిపోవటానికి వాడుకున్నది కాదు. యుద్ధం దేన్ని నాశనం చేసిందో చూపటానికి వాడుకున్నది.

మాట లేకపోవటం సంగతి కూడా ఇక్కడే ఆలోచించాలి. ఆ నాలుగేళ్ళలో అన్ని దేశాల్లోనూ మాటలను సైన్యంలో చేర్చుకున్నారు. పత్రికలు, పద్యాలు, పాటలు శత్రుద్వేషం పండించే పనిలో పడ్డాయి. క్యాన్సరుతో తీసుకుంటున్న దెబుసీ అంతటి సున్నితమైన మనిషి కూడా 1915లో ఇళ్ళు లేని పిల్లల క్రిస్మస్ పాట ఒకటి స్వయంగా మాటలు కట్టి రాశాడు. ఇల్లు కాలిన పిల్లల గోడు అందులో నిజమైనదే. కాని ఆ పిల్లలు, పండుగ శత్రువుల ఇళ్ళకు ఎన్నటికీ పోకూడదనీ, వాళ్ళను శిక్షించమనీ కోరుకుంటారు. 1916లో జర్మన్, ఆస్ట్రియన్ రచనలు ఫ్రాన్సులో వినపడకుండా చెయ్యాలని సంగీతరక్షణ సమితి ఒకటి బయలుదేరింది. పెద్దపెద్ద పేర్లు అందులో వున్నాయి. యుద్ధరంగంలో లారీ నడుపుతున్న రావెల్‌ను కూడా చేరమన్నారు. అతను ఆ జూన్‌లో నిరాకరిస్తూ ఉత్తరం రాశాడు. షోన్‌బెర్గ్ ఆస్ట్రియావాడు కావటం తనకు లెక్కలోది కాదన్నాడు, తోటివాళ్ళ సంగీతం వినటం మానేస్తే ఫ్రెంచి సంగీతమే ఎండిపోతుందన్నాడు. ఇంట్లో కూర్చుని ద్వేషం పంచినవాళ్ళకూ, గుండ్ల మధ్య లారీ తోలుతూ ద్వేషం వద్దన్నవాడికీ ఎంత తేడా వుందో చూడండి. 1920లో ప్రభుత్వం ఇవ్వబోయిన లెజియన్ దానర్ బిరుదును కూడా రావెల్ తీసుకోలేదు.

టొకాటా అంకితమయిన మర్లియావ్ సంగీతశాస్త్రం చదువుకున్న సైనికాధికారి. 1914 ఆగస్టులోనే జర్మన్లతో పోరాడుతూ చనిపోయాడు. అతను రాసిపెట్టిన పుస్తకం అతను పోయిన చాలా ఏళ్ళకు, 1925లో, అచ్చయింది. అది జర్మన్ రచయిత బేథోవెన్ చతుష్టయాలమీద రాసినది. అతని భార్య మార్గెరిత్ లోంగ్ పేరుపొందిన పియానో విద్వాంసురాలు. 1919 ఏప్రిల్ 11న పారిస్‌లో సాల్ గావో అనే హాల్లో ఈ మాలికను మొట్టమొదట వాయించింది ఆవిడే. భర్త పేరున వున్న ఖండిక అన్నిటికన్నా కష్టమైనది, అన్నిటికన్నా చివరిది. ఒకే స్వరం వడగళ్ళవానలాగా తెంపులేకుండా కొడుతూ వుంటే దానిలోనించి వరస పైకి లేచి లేచి, తుదకు రెండు చేతుల బలంతో ముగుస్తుంది. వాయించేవాళ్ళకు మధ్యలో కన్నీరు తుడుచుకోవటానికి వ్యవధి వుండదు. ఒక్క క్షణం ఏమరితే చెయ్యి తప్పుతుంది. దుఃఖాన్ని పనిగా మార్చటమంటే ఏమిటో, నేను విన్న రాత్రి ఆ అమ్మాయి వేళ్ళు చూస్తూ కొంత తెలుసుకున్నాను.

తిరిగి వచ్చాక ఈ సంగతంతా మా ఊళ్ళో ఒక మిత్రుడికి చెప్పాను. యూనియన్ పనిలో తలనెరిసిన మనిషి, తేలిగ్గా ఒప్పుకునే రకం కాదు. "ఏం మాస్టారూ, మీరు చెప్పిందంతా ఆయన జీవితచరిత్ర. ఆ కాగితంమీద పేర్లు లేకపోతే మీకు వినపడేదేమిటి? ఏదో హుషారైన పియానో, అంతేగా?" అన్నాడు.

ఈ ఆక్షేపణ గట్టిది. పేర్లు తెలీనివాడికి యుద్ధం వినపడదన్నది నిజమే. కాని ఆ పేర్లను బయటివాళ్ళెవరూ తెచ్చి అతికించలేదు, రచయితే రాసి అచ్చువేయించాడు. అవి రచనలో భాగమే. వీరగల్లు మీది అక్షరాలు చదవకుండా బొమ్మ ఒక్కటే చూసి, ఇందులో ఏముందని అడగం గదా! సంగీతం పక్షం వహించటమంటే స్వరాలు నినాదాలివ్వటం కాదు. ఆ రచయిత ఎవరితో కూడి నిలబడ్డాడు, దేనికి ఒప్పుకోలేదు, తనకున్న విద్యతో చచ్చినవాళ్ళకు ఏం చేశాడు అనేవి కలిపి చూస్తే పక్షం కనపడుతుంది. తన దేశంతో పోరాడిన ఆస్ట్రియా సైన్యంలో కుడిచెయ్యి పోగొట్టుకున్న పౌల్ విట్గెన్‌స్టైన్ కోసం, ఎడమచేతితో మాత్రమే వాయించే కన్‌చెర్టో రాసినవాడు కూడా ఈ రావెలే. 1932 జనవరిలో దాన్ని వియన్నాలో వాయించారు.

అయినా మా మిత్రుడి ప్రశ్న నన్ను వదలలేదు, మరోవైపు నించి పట్టుకుంది. రావెల్ రాసినవి అతని స్నేహితుల పేర్లు. స్నేహితుల వలయం దాటి ఆ సంగీతం పోలేదు. అతను లారీ నడిపిన నేలకు ఉత్తరాన, బెల్జియం సరిహద్దు వైపున, నవ్ షపెల్ అనే ఊరు వుంది. ఆ చలికాలంలోనే లిల్ నగరం మీదుగా అక్కడికి వెళ్ళి చూశాను. 1915 మార్చి 10న అక్కడ జరిగిన దాడిలో పాల్గొన్న బ్రిటిష్ సేనలో దాదాపు సగం భారతీయ సిపాయిలు. 1927లో అక్కడ కట్టిన గుండ్రని స్మారకం గోడలమీద, సమాధి అయినా దొరకని మన సైనికుల పేర్లు నాలుగువేల ఏడువందలకు పైగా చెక్కి వున్నాయి. మధ్యలో పెద్ద స్తంభం, దానిమీద సామ్రాజ్య కిరీటం. వాళ్ళు ఎవరి సామ్రాజ్యం కోసం చచ్చారో ఆ కిరీటమే చెబుతున్నది. నాతోపాటు అక్కడ తోటమాలి తప్ప మరో మనిషి లేడు. ఆ సిపాయిల్లో ఎవరు భాంగ్రా ఆడేవాడో, ఎవరు డోలు వాయించేవాడో చెప్పటానికి వాళ్ళకు రావెల్ వంటి స్నేహితుడు లేడు.

ఇందుకు రావెల్‌ను నిందించటంవల్ల ప్రయోజనం లేదు. తను ఎరిగినవాళ్ళకు తను చెయ్యగలిగింది అతను చేశాడు. ఎరగనివాళ్ళను ఎరగకుండా వుంచింది సామ్రాజ్యవాదం. ఆ అడ్డుగోడ పడగొట్టే పని అతని తరవాతివాళ్ళకు, అంటే మనకు, మిగిలింది.

పని మొదలుపెట్టటానికి ఆధారాలు కూడా లేకపోలేదు. రావెల్ తన మాలిక రాసుకుంటున్న కాలంలోనే, బెర్లిన్ దగ్గర వ్యున్స్‌డోర్ఫ్ యుద్ధఖైదీల శిబిరంలో జర్మన్ పండితులు భారతీయ సిపాయిలను గ్రామఫోను భోంగా ముందు నిలబెట్టి పాటలు పాడించారు, కథలు చెప్పించారు. వాళ్ళకు కావలసింది భాషల నమూనాలు. ఎవడు ఏం చెప్పుకుంటున్నాడన్నది రెండో విషయం. 1916 డిసెంబరులో మల్ సింగ్ అనే సిపాయి తన సంగతి తానే ఎవరో మూడోమనిషి కథలాగా చెప్పాడు, ఊళ్ళో వెన్న తిని పెరిగినవాడు యుద్ధంలో చిక్కుకుని ఇల్లు చేరాలని తపించటం. ఆ రికార్డులు బెర్లిన్ హంబోల్ట్ విశ్వవిద్యాలయం వారి ధ్వనిభాండారంలో నేటికీ వున్నాయి. ఒకచోట పేర్లున్నాయి, సంగీతం వుంది, వినేందుకు హాలు నిండా జనం వున్నారు. ఇంకోచోట గొంతులున్నాయి, వినేవాళ్ళే కరువు. విద్యార్థులకు యుద్ధచరిత్ర చెప్పే ఉపాధ్యాయుడు టొకాటాను ఒక గంటా, మల్ సింగ్ గొంతును ఒక గంటా వినిపించి, ఆ తరవాత పుస్తకం తెరిస్తే బాగుంటుంది.